మన కాలనీకి బస్సు – నాలుగో పాఠం: మెలిక ఖరీదు

శివారు కాలనీకి బస్సు మార్గం గీయడం నేర్చుకుంటున్నాం కదా. ఒక మార్గానికి ఎన్ని బస్సులు కావాలని మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబు నాలుగు. చాలామంది రెండు అని పంపారు. కొందరు మూడు అన్నారు. ఈసారి టైమ్‌టేబుల్ రాయడం నేర్పాలనుకున్నాను గానీ, బస్సుల లెక్క తేలకుండా టైమ్‌టేబుల్ మొదలుపెడితే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ముందు ఇది తేల్చుకుందాం, ఆ తర్వాత మెలిక, అంటే బస్సు రహదారి వదిలి ఒక కాలనీ లోపలికి వెళ్లి రావడం, ఎంత ఖరీదో చూద్దాం.

లెక్క మళ్లీ చూడండి. హైదరాబాద్‌లో ఉప్పల్ మెట్రో స్టేషన్ నుంచి వరంగల్ రహదారి మీదుగా బోడుప్పల్, మేడిపల్లి దాటి నారపల్లి అవతల ఒక కాలనీ వరకు మార్గం. అంకెలు పాఠం కోసం వేసుకున్నవే. వెళ్లడానికి 32 నిమిషాలు, రావడానికి 34. కాలనీ చివర 6 నిమిషాలు, ఉప్పల్‌లో 8 నిమిషాలు ఆగాలి. ప్రతి 20 నిమిషాలకు ఒక బస్సు కావాలి.

రెండు అన్నవాళ్లు 32ను 20తో భాగించారు. అది ఒక సింగిల్, అంటే ఒక వైపు ప్రయాణం మాత్రమే. కాలనీకి చేరిన బస్సు అక్కడే ఉండిపోదు, తిరిగి రావాలి. మూడు అన్నవాళ్లు రానూపోనూ కలిపి 66 వేసుకుని, 20తో భాగించి, 3.3 వస్తే దాన్ని మూడు చేశారు. బస్సుల లెక్కలో భిన్నం వస్తే ఎప్పుడూ పై అంకెకే వెళ్లాలి. మూడు బస్సులతో 20 నిమిషాలకొకటి నడపాలంటే ఒక్కో బస్సు 60 నిమిషాల్లో చుట్టు, అంటే వెళ్లి, వచ్చి, మళ్లీ బయలుదేరేదాకా, పూర్తి చేయాలి. ఎక్కడా ఆగకుండా నడిచినా 66 పడుతుంటే 60లో ఎలా వస్తుంది?

సరైన దారి ఇది. 32, 6, 34, 8 కలిపితే 80. దాన్ని 20తో భాగిస్తే 4. సరిచూసుకోవడం కూడా తేలికే. ఉదయం 6:00కు ఉప్పల్‌లో బయలుదేరిన బస్సు 6:32కు కాలనీ చేరుతుంది, 6:38కి అక్కడ కదులుతుంది, 7:12కు ఉప్పల్ వస్తుంది, 7:20కి మళ్లీ బయలుదేరుతుంది. మధ్యలో 6:20, 6:40, 7:00 బస్సులు ఉన్నాయి. అంటే నాలుగు. డిపోలో ఉంచే స్పేర్ బస్సు ఈ లెక్కలోకి రాదు.

ఇక ఎక్కువ మంది కొట్టేసిన అంకెలు ఆ 6, ఆ 8. బస్సు ఊరికే నిలబడటం దేనికని కొందరు కాస్త కోపంగానే అడిగారు. అది డ్రైవర్, కండక్టర్ మంచినీళ్లు తాగే సమయం, మూత్రవిసర్జనకు వెళ్లే సమయం. ఆ మాట వివరించనక్కర్లేదు. అంతకు మించి, ఆలస్యాన్ని మింగేసేది కూడా ఆ సమయమే. మేడిపల్లి దగ్గర ఐదు నిమిషాలు ఇరుక్కున్న బస్సు ఉప్పల్‌లో 8 బదులు 3 నిమిషాలే ఆగి సమయానికి బయలుదేరుతుంది. ఆ 8 లేకపోతే ఈ ట్రిప్పు ఆలస్యం తర్వాతి ట్రిప్పుకు, అక్కడి నుంచి దాని తర్వాతి దానికి పాకుతుంది. ఆలస్యమైన బస్సు కోసం స్టాపుల్లో జనం పెరుగుతారు, ఎక్కించుకోవడానికి మరింత సమయం పడుతుంది, వెనక బస్సు ఖాళీగా వచ్చి దీన్ని అందుకుంటుంది. అప్పుడు రెండూ జంటగా తిరుగుతాయి. బస్సుకూ బస్సుకూ మధ్య 20, 20 నిమిషాలు ఉండాల్సిన ఎడం 38, 2 అయిందనుకోండి. కాగితం మీద గంటకు మూడు బస్సులే, కానీ స్టాపులో నిలబడ్డ మనిషి సగటు నిరీక్షణ 10 నిమిషాల నుంచి 18కి పెరుగుతుంది. అందుకే నేను రానూపోనూ ప్రయాణ సమయంలో కనీసం ఆరో వంతు విరామంగా ఉంచుతాను. ఉప్పల్ లాంటి చోట అయిదో వంతైనా ఎక్కువ కాదు.

ప్రయాణ సమయం ఎలా కొలవాలో రెండో పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను. ఒక్క హెచ్చరిక మాత్రం ఇస్తాను. ఫోనులో మ్యాపు చూపించేది కారు సమయం, దాన్ని వాడకండి. పాత టైమ్‌టేబుల్ అంకెలూ వాడకండి. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగి ఆ రహదారి వేగాన్నే మార్చేశాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఎక్కేవాళ్లు పెరిగారు, కాబట్టి స్టాపు దగ్గర బస్సు ఆగే సమయమూ పెరిగింది. అంతకు ముందు కొలిచిన ప్రయాణ సమయం ఏదైనా ఇప్పుడు చెల్లదు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరు, ఏడు మధ్య బస్సెక్కి మీరే కొలవండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు పంపిన మార్గాల పటాల్లో దాదాపు ప్రతిదానిలో ఒక మెలిక ఉంది. బస్సు నేరుగా పోతూ పోతూ ఒక కమాను దగ్గర లోపలికి తిరుగుతుంది, కాలనీ పార్కు దాకా వెళ్తుంది, వెనక్కి వచ్చి మళ్లీ రహదారి ఎక్కుతుంది. కొన్ని పటాల్లో అలాంటివి మూడు. ఎందుకని అడిగితే జవాబు ఒక్కటే: ఆ కాలనీవాళ్లు అడిగారు, పైగా ఒక్క అర కిలోమీటరే కదా.

ఈ ‘అర కిలోమీటరే కదా’ అన్న మాట శివారు బస్సులను చంపినంతగా మరేదీ చంపలేదని నా నమ్మకం. అడిగినవాళ్లు మంచివాళ్లే, వాళ్ల అవసరమూ నిజమే. కానీ బస్సులో కూర్చుని ముందుకు పోవాల్సిన వాళ్లు ఆ సమావేశంలో లేరు. వాళ్ల తరఫున లెక్క వేయాల్సింది మార్గం గీసే మనిషే.

వేద్దాం. కాలనీ పార్కు రహదారి నుంచి 600 మీటర్లు లోపలికి ఉంది. వెళ్లి రావడం 1.2 కిలోమీటర్లు. స్పీడ్ బ్రేకర్లు, అడ్డంగా ఆపిన కార్లు, మలుపులు కలిపి 4 నిమిషాలు. మెలిక దగ్గర బస్సులో 42 మంది ఉన్నారు, 7 మంది లోపల దిగుతారు, 35 మంది ముందుకు పోవాలి. ఆ 35 మంది ఒక్కొక్కరు 4 నిమిషాలు పోగొట్టుకుంటారు, మొత్తం 140 నిమిషాలు. దిగిన ఏడుగురికి 600 మీటర్ల నడక తప్పింది, నిమిషానికి 80 మీటర్ల చొప్పున దాదాపు 8 నిమిషాలు. మొత్తం 56. ఎండలో, వానలో, సంచులతో నడవడం బస్సులో కూర్చోవడం కంటే కష్టం కాబట్టి నడక నిమిషాన్ని రెండింతలుగా లెక్కించడం ఈ రంగంలో మామూలే. అలా వేసినా 112. ఇంకా 28 నిమిషాలు నష్టమే, అదీ ఒక్క సింగిల్‌లో.

ఇది ప్రయాణికుల లెక్క. బస్సుల లెక్క ఇంతకంటే కఠినం. మెలిక రానూపోనూ 8 నిమిషాలు. మన చుట్టు 80 నుంచి 88 అవుతుంది. ఇప్పుడు మీ ముందు మూడే దారులున్నాయి. నాలుగు బస్సులే ఉంచితే ఎడం 22 నిమిషాలవుతుంది. 6:00, 6:22, 6:44, 7:06 అంటూ ఏ గంటకూ కుదరని టైమ్‌టేబుల్‌ను ఏ ప్రయాణికురాలూ గుర్తుపెట్టుకోలేదు. 20 నిమిషాలు నిలబెట్టాలంటే అయిదో బస్సు కావాలి, దానికి రెండు షిఫ్టుల డ్రైవర్లు, కండక్టర్లు కావాలి. ఈ రెండూ వద్దనుకుంటే రెండు చివర్లా కలిపి ఉన్న విరామాన్ని 14 నుంచి 6కు కోస్తారు. నేను చూసినంతలో దాదాపు ప్రతిచోటా జరిగేది ఈ మూడోదే, ఎందుకంటే దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదటి వారం అంతా బాగానే కనిపిస్తుంది. తర్వాత ఒక సాయంత్రం పది నిమిషాల ఆలస్యం వస్తుంది, మింగడానికి విరామం ఉండదు, పైన చెప్పిన 38, 2 మొదలవుతాయి. జనం షేర్ ఆటో ఎక్కుతారు. ఆదాయం తగ్గిందని డిపో ఒక బస్సు తీసేస్తుంది. చివరకు మెలిక అడిగిన కాలనీకే బస్సు ఉండదు.

డీజిలు మాట కూడా అనుకుందాం. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు గంటకు మూడు చొప్పున ఒక వైపు 48 సింగిళ్లు, రెండు వైపులా 96. ఒక్కోదానికి 1.2 కిలోమీటర్లు. ఆ మెలిక కోసమే రోజుకు 115 కిలోమీటర్లు.

అయితే మెలిక ఎప్పుడూ తప్పేనా? కాదు. లోపల పెద్దాసుపత్రి ఉండి బస్సులో చాలామంది అక్కడే దిగుతుంటే వెళ్లాల్సిందే. పై అంకెలతో, నడకను రెండింతలు చేశాక, అయిదో వంతు మంది దిగితే లాభనష్టాలు సమానమవుతాయి. నేను మూడో వంతు ఉండాలంటాను, ఎందుకంటే అయిదో బస్సు ఖర్చు ఆ లెక్కలో లేదు. నడవలేని వృద్ధులు ఎక్కువగా ఉన్న చోట ఈ గీత నుంచి కొంత వెనక్కి తగ్గుతాను, అక్కడ నిమిషాలు ఒక్కటే కొలబద్ద కాకూడదు. ఇక మార్గం చివర తిప్పే తిప్పు మెలిక కాదు, పొడిగింపు. ముందుకు పోవాల్సినవాళ్లు బస్సులో ఎవరూ ఉండరు కాబట్టి ఎవరి సమయమూ పోదు, చుట్టులో నిమిషాలు సరిపోతే చాలు. రెండు కాలనీలు బస్సు అడుగుతుంటే ఒకదాన్ని దారిలో, ఒకదాన్ని చివరలో పెట్టే వీలుందేమో ముందు చూడండి.

వన్‌వేలో గుండ్రంగా తిరిగే మార్గం గీసినవాళ్లకు ఒక్క మాట: గుండ్రం మొదట్లో ఇల్లున్న మనిషి ఉప్పల్ వెళ్లడానికి ఊరంతా చుట్టాలి. అది చెరిపేయండి.

మెలిక ఇవ్వకపోతే ఆ కాలనీని గాలికి వదిలేయమని కాదు. మన శివారు కాలనీలు వెంచర్లుగా పుట్టాయి. ఒక్కో వెంచర్‌కు ఒక కమాను, చుట్టూ ప్రహరీ. పక్క వెంచర్ రోడ్డు ఈ ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. పార్కు నుంచి రహదారి మీది తర్వాతి స్టాపుకు గీత గీస్తే 250 మీటర్లే ఉంటుంది గానీ, నడిచి వెళ్లాలంటే కమాను దాకా వచ్చి చుట్టూ తిరిగి 900 మీటర్లు. ఆ ప్రహరీలో మనిషి పట్టే గేటు ఒకటి పెడితే, అడ్డంగా నాలా ఉంటే దాని మీద కాలిబాట పలక వేస్తే, 11 నిమిషాల నడక 3 నిమిషాలవుతుంది. గేటు ఒక్కసారి ఖర్చు, మెలిక రోజూ ఖర్చు. బస్సు మార్గం గీస్తున్నాం కదా, గోడలతో మనకేం పని అనుకోకండి. నేను కొత్త మార్గం చూసేటప్పుడు ముందు గోడలు చూస్తాను, తర్వాతే రోడ్లు. స్టాపు దగ్గర దీపం, రహదారి దాటడానికి చోటు కూడా అప్పుడే రాసుకుంటాను. రాత్రి తొమ్మిదికి ఒంటరిగా దిగిన ఆడపిల్లకు ఆ 250 మీటర్లు చీకటైతే, గేటు ఉన్నా లేనట్టే.

నేరు మార్గాలు ధైర్యం చేసి పెట్టిన నగరాలున్నాయి. అమెరికాలో మనవాళ్లు చాలామంది ఉండే హ్యూస్టన్ 2015 ఆగస్టు 16న తన స్థానిక బస్సు మార్గాలను ఒకే రోజు మార్చేసింది. వంకరలు తగ్గించి, ఒకదాన్నొకటి ఖండించే నేరు మార్గాలు వేసి, ముఖ్యమైన వాటిలో ఆదివారం కూడా పగటి పూట 15 నిమిషాలకొక బస్సు నడిపింది. కొందరికి నడక పెరిగింది, అభ్యంతరాలూ వచ్చాయి. కానీ బస్సు మారి ఎక్కడికైనా వెళ్లగలిగే నేరు మార్గం, తరచుగా వచ్చే బస్సు అనే రెండూ కలిస్తేనే శివారు మనిషి బండి ఇంట్లో పెట్టి బయలుదేరుతాడు. ఉప్పల్‌లో మెట్రో 2017 నవంబరు నుంచే ఉంది. దాని దాకా చేర్చే బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోతే ఆ స్టేషన్ నారపల్లివాళ్లకు దూరమే.

ఎడం ఎంచుకునేటప్పుడు 15, 20, 30 మాత్రమే తీసుకోండి. 60ని నిశ్శేషంగా భాగించని 25, 40 నాకు పంపకండి. ప్రతి గంటా అవే నిమిషాలకు బస్సు వస్తే టైమ్‌టేబుల్ బోర్డు లేని స్టాపులో కూడా జనం దాన్ని నోటికి చెప్పుకుంటారు.

అభ్యాసం. ఇది బరువైనదే, రెండు వారాలు తీసుకోండి. మీ ప్రాంతంలో మెలిక ఉన్న బస్సు మార్గం ఒకటి ఎంచుకోండి. పనిదినాల్లో మూడు సాయంత్రాలు రెండు వైపులా ప్రయాణించి, మెలిక మొదట్లో, చివర్లో గడియారం చూసి నిమిషాలు రాయండి. లోపల ఎందరు దిగారో, ఎందరు కూర్చునే ఉన్నారో లెక్కపెట్టండి. తర్వాత మీ ఇంట్లో అరవై దాటిన వారెవరినైనా తోడు తీసుకుని పార్కు నుంచి రహదారి స్టాపుకు వాళ్ల నడకతో నడవండి. నిమిషానికి 80 మీటర్లు రాకపోతే వచ్చిన అంకే వాడండి. దారిలో అడ్డొచ్చిన ప్రతి గోడ, ప్రతి నాలా పటం మీద గుర్తించండి. మెలికతో చుట్టు ఎంత, బస్సులెన్ని, మెలిక లేకుండా ఎంత, ఎన్ని అని లెక్కగట్టండి. చివరగా రెండు ఉత్తరాలు రాయండి, ఒక్కోటి ఒక పేజీ దాటకూడదు. ఒకటి డిపో మేనేజర్‌కు, మార్గం ఎందుకు నేరుగా చేయాలో అంకెలతో. ఇంకొకటి మీ పురపాలక సంఘానికి, గేటు ఎక్కడ కావాలో పటంతో. రెండో ఉత్తరం లేకుండా మొదటిది పంపకండి.