మధ్యాహ్నం ఆకు వాలిందని బకెట్ ఎత్తకండి: ఎండలు ముదిరేలోపు మొక్కల జాగ్రత్తలు

ఒక వేసవిలో నా మందార మొక్కను నేనే చంపుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఆకులన్నీ వేలాడిపోయి ఉండేవి. అయ్యో పాపం అని చెంబుడు నీళ్లు పోసేవాణ్ణి. మర్నాడూ అంతే. నాలుగో రోజు నుంచి టెన్షన్ పట్టుకుని రోజుకు మూడుసార్లు పోశాను. పది రోజులు తిరిగేసరికి ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలడం మొదలైంది. కుండీ బోర్లించి చూస్తే వేళ్లు గోధుమ రంగులో మెత్తబడి ఉన్నాయి. వేలితో లాగితే పైతొక్క ఊడి వచ్చి, లోపల దారంలాంటి పోగు మిగిలింది. మురుగు వాసన. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువై మొక్క పోయిందంటే ఎవరూ నమ్మలేదు.

అసలు ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. వేళ్లు పీల్చిన నీటిలో మొక్క ఒంటికి పట్టేది నూటికి రెండు మూడు పాళ్లే. మిగతాదంతా ఆకులకుండే కంటికి కనపడని రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. చాలా మొక్కల్లో ఈ రంధ్రాలు ఆకు అడుగువైపే ఎక్కువ. బడి పుస్తకాల్లో దీన్నే బాష్పోత్సేకం అన్నారు. ఇంత వృథా ఎందుకు అనిపిస్తుంది గానీ, కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే ఆ తలుపులు తెరవాల్సిందే. తెరిస్తే ఆవిరి బయటికి పోక తప్పదు. ఆ పోయే ఆవిరే ఆకును చల్లబరుస్తుంది, వేళ్ల నుంచి నీటిని పైకి లాగేదీ అదే. అందుకే దీన్ని పూర్తిగా ఆపాలని చూడకూడదు. ఖర్చు రాబడిని మించకుండా చూసుకుంటే చాలు.

ఎండ ముదిరితే ఖర్చు ఎంత పెరుగుతుందో చూడండి. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు. గాలిలో ఇప్పటికే 15 గ్రాములు ఉన్నాయనుకుంటే, మిగిలిన ఖాళీ 15 నుంచి 36కి పెరిగినట్టు. పది డిగ్రీలకే గాలి దాహం రెట్టింపు దాటింది! వేళ్లు మాత్రం అవే వేళ్లు. అందుకే మిట్టమధ్యాహ్నం మట్టిలో పదును ఉన్నా ఆకు వాలుతుంది. చాలా మొక్కలు ఆ వేళకు రంధ్రాలు కొంత మూసుకుని, సాయంత్రానికి మళ్లీ లేచి నిలబడతాయి.

కాబట్టి మొక్కను చూడాల్సింది మధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. అప్పటికీ తలవాల్చే ఉంటే ఇబ్బంది ఉన్నట్టే. వెంటనే నీళ్లు పోయకుండా ముందు మట్టిలో రెండు అంగుళాల లోతు వేలు గుచ్చండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి కారేదాకా నిదానంగా పోయండి. తడిగా ఉండి కూడా ఆకు వాలిందంటే వేళ్లకు గాలి ఆడటం లేదు. నీళ్లు ఆపి, కింద ప్లేటులో నిలిచిన నీరు పారబోసి, కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

ఎండలు రాకముందే ఒక చిన్న లెక్క కట్టుకోమంటాను. రాత్రి కుండీకి నిండా నీళ్లు పోసి, నీరంతా కారిపోయాక కుండీతో సహా మట్టిని ప్లాస్టిక్ కవరుతో కప్పి కాండం చుట్టూ బిగించండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తూకం వేయండి. తగ్గిన ప్రతి గ్రామూ ఆకుల నుంచి పోయిన ఒక మిల్లీలీటరు నీరు. ఇది నా తెలివేమీ కాదు. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త పొద్దుతిరుగుడు మొక్క ఉన్న కుండీలో మట్టిని ఇలాగే కప్పి తూచి, 1727లో ఆ లెక్కలు అచ్చువేశాడు. పగటి పన్నెండు గంటల్లో అర కిలోకు పైనే నీరు పోయింది. మీ మొక్క ఖర్చు తెలిస్తే ఎంత పోయాలో ఊహించుకోనక్కర్లేదు. తూకం అయ్యాక కవరు తీసేయడం మరవకండి.

నారు నాటే పని ఉంటే అసలు ప్రమాదం అక్కడే. నీటిని పీల్చేది లావు వేళ్లు కాదు, వాటి చివర్ల దగ్గరుండే దూదిపింజల్లాంటి సన్నని మూలకేశాలు. మొక్కను లాగి పీకితే అవన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయి. ఖర్చు చేసే ఆకులు అన్నీ ఉన్నాయి, సంపాదించే నోళ్లు తెగిపోయాయి. అందుకే ముందురోజు నారుకు తడి పెట్టి, మట్టిగడ్డతో సహా తీయండి. నాటడం సాయంత్రమో, మబ్బు పట్టిన రోజో పెట్టుకోండి. ఆకులు మరీ గుబురుగా ఉంటే కింది ఆకులు కొన్ని తుంచేయండి, జాలిపడొద్దు. నాటాక మూడు నాలుగు రోజులు నీడ ఉండాలి. అంతకంటే ముందు, నాటబోయే వారం పది రోజులూ నీళ్లు కొంచెం తగ్గిస్తూ, ఎండ కొంచెం కొంచెంగా చూపిస్తూ నారును రాటుదేల్చాలి. నీడలో ముద్దుగా పెరిగిన నారును తెచ్చి ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి.

ఎండుటాకులో గడ్డో పరిచే మల్చింగ్ మంచిదే. అయితే అది ఆపేది మట్టి నుంచి పోయే ఆవిరినే, ఆకుల నుంచి పోయేదాన్ని కాదు. కాండానికి ఆనించకుండా వేలెడు ఎడం వదలండి. ఆకు ఖర్చు తగ్గాలంటే షేడ్ నెట్ కావాలి, గాలికి అడ్డు కావాలి. ఆకును అంటుకుని ఒక పల్చటి తేమ గాలి పొర ఉంటుంది. ఈదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. గోడ చాటుకు జరిపి, కుండీలను దగ్గర దగ్గరగా పెడితే ఒకదాని తేమ ఒకదానికి పనికొస్తుంది. ఆకుల మీద నీళ్లు చిలకరించడం చూడటానికి బాగుంటుంది గానీ, ఆ చల్లదనం ఆరేదాకానే.

ఎండలు ముదిరే ముందు యూరియా గుప్పించకండి. లేత ఆకులు విపరీతంగా వేసి ఖర్చు పెంచుకుంటుంది మొక్క. పొడి మట్టిలో వేస్తే ఎరువు గాఢత ఎక్కువై వేళ్లు నీటిని పీల్చలేవు. కాక్టస్ జాతి సంగతి వేరు. అవి రంధ్రాలను రాత్రిపూట తెరుస్తాయి. మిగతా వాటితో సమానంగా నీళ్లు పోస్తే కుళ్లిపోతాయి.

నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వస్తే, కుండీలన్నీ నీడకు చేర్చి ముందురోజు రాత్రి నిండా తడపండి. మొక్క మీద ప్లాస్టిక్ కవరు తొడిగితే తేమ నిలుస్తుందన్నది నిజమే. అయితే అది నీడలో మాత్రమే. ఎండ తగిలితే ఆ కవరు లోపల మొక్క ఉడికిపోతుంది.