ఎండలు ముదరకముందే కారుకు రిమోట్ స్టార్ట్, అలారం బిగిస్తున్నారా?

ఓరుగల్లు ఎండలో బండెక్కేముందే ఏసీ నడవాలంటే బాగానే ఉంటుంది. వైరు కోసే ముందు ఇవి చూడండి.

గేరు బండికి ఆటోమేటిక్ కార్ల కిట్ పెట్టొద్దు. గేరులో వదిలిన కారు బటన్ నొక్కగానే ముందుకు దూకుతుంది. ఎదురుగా గోడే ఉంటుందని లేదు, పిల్లలుండొచ్చు. మాన్యువల్ కోసం చేసిన కిట్టే కొనండి. అందులో న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ నడుస్తుండగానే తాళంచెవి తీసి, దిగి డోర్లు మూయాలి. అలాగైతేనే బండిని న్యూట్రల్‌లో వదిలారని కిట్టుకు తెలుస్తుంది. తర్వాత డోర్ తెరిస్తే రిమోట్ స్టార్ట్ పనిచేయకూడదు. డోర్, హ్యాండ్ బ్రేక్ వైర్లు కలపకపోతే ఈ రక్షణంతా ఉత్తదే.

పసుపు కనెక్టర్లు ముట్టొద్దు, అవి ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ నెగటివ్ తీసి, కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. ఒక అద్దం దించి ఉంచండి, తాళం పడితే బయటే నిలబడాలి.

బల్బు టెస్టర్ వద్దు, డిజిటల్ మల్టీమీటరే. బల్బు లాగే కరెంటుకు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) దెబ్బతినొచ్చు.

ఇగ్నిషన్ వైర్లకు నొక్కుడు క్లిప్పులు వద్దు. వదులైతే వేడెక్కి కాలతాయి. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి.

బానెట్ తెరిచి ఉంటే రిమోట్ స్టార్ట్‌ను ఆపే బానెట్ స్విచ్ తప్పనిసరి. మెకానిక్ చెయ్యి బెల్టు దగ్గరుండగా ఇంజన్ లేవకూడదు.

మూసిన షెడ్డులో స్టార్ట్ చేయొద్దు: పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు.