పాపప్‌లో కీబోర్డు దారి తప్పకుండా చూడటం ఎలా?

ఆత్రేయపురం పూతరేకులు అమ్మే సైటు ఒకటి అనుకోండి. 'కార్ట్‌లో వేయి' నొక్కగానే పంచదారవా, బెల్లంవా, ఎన్ని పెట్టెలు, పిన్‌కోడ్ ఎంత అని పాపప్ అడుగుతుంది. మౌస్‌తో ఇబ్బంది లేదు. చెయ్యి వణికి మౌస్ పట్టలేనివాళ్లు, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లు ట్యాబ్ నొక్కితే ఫోకస్, అంటే కీబోర్డు ఇప్పుడు ఏ బటన్ లేదా గడి మీదుందో ఆ గురి, పాపప్ వెనక మెనూలో తిరుగుతుంది. ఆర్డరు అక్కడితో ఆగిపోతుంది.

కావలసినవి కీబోర్డు, రెండు బ్రౌజర్లు, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ (NVDA) స్క్రీన్ రీడర్. మౌస్ పక్కన పెట్టేయండి.

పాపప్‌ని డివ్‌తో (<div>) కట్టొద్దు, హెచ్‌టీఎంఎల్‌లోని డైలాగ్ ట్యాగ్‌తోనే (<dialog>) కట్టాలి. 2022 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉన్నదానికి ఇంకా ప్లగిన్లు దేనికి? తెరవడానికి జావాస్క్రిప్ట్‌లో షోమోడల్ (showModal) పిలవండి. ఉత్త షో (show) పిలిచినా, ట్యాగ్‌కి ఓపెన్ (open) యాట్రిబ్యూట్ పెట్టినా పాపప్ కనిపిస్తుంది గానీ వెనక పేజీకి తాళం పడదు, ఎస్కేప్ కూడా పనిచేయదు. పాపప్ శీర్షికను ఏరియా-లేబుల్డ్‌బై (aria-labelledby) యాట్రిబ్యూట్‌తో పాపప్‌కి కలపండి, స్క్రీన్ రీడర్ దాన్నే పాపప్ పేరుగా చదువుతుంది.

తర్వాత ఫోకస్ గీత, అంటే ఫోకస్ ఉన్న బటన్ చుట్టూ కనిపించే గీత. సీఎస్ఎస్‌లో 'అవుట్‌లైన్: నన్' ఎక్కడున్నా తీసేయండి. ఫోకస్-విజిబుల్‌కి (:focus-visible) 3 పిక్సెళ్ల ముదురు అవుట్‌లైన్, 2 పిక్సెళ్ల ఆఫ్‌సెట్ (బటన్‌కీ గీతకీ మధ్య ఎడం) ఇవ్వండి. పక్కనున్న రంగుతో కాంట్రాస్ట్ కనీసం 3:1 ఉండాలి. తెల్లటి పాపప్ మీద లేత పసుపు గీత ఉన్నా లేనట్టే. బాక్స్-షాడోతో గీత గీయొద్దు, విండోస్ హై కాంట్రాస్ట్‌లో అది మాయమవుతుంది. పంచదార, బెల్లం రేడియో బటన్లను అందం కోసం 'డిస్‌ప్లే: నన్'తో దాచేస్తే కీబోర్డు వాటి దాకా చేరదు. కంటికి మాత్రమే కనబడకుండా దాచి, గీతను లేబుల్ చుట్టూ గీయండి.

ఇక అందరూ చెడగొట్టేది ఫోకస్ రాకపోకల దగ్గరే. నిదానంగా చేయండి.

తెరవగానే ఫోకస్ ఎక్కడ వాలాలో మీరే చెప్పాలి. చెప్పకపోతే లోపల మొదటున్న దాని మీద వాలుతుంది, చాలా డిజైన్లలో అది మూలనున్న ఇంటూ గుర్తే. ఫారమ్ అయితే మొదటి గడికి ఆటోఫోకస్ పెట్టండి. 'తీసేయాలా?' అని అడిగే పాపప్‌లో 'వద్దు' బటన్‌కే పెట్టాలి. లేకపోతే తొందరలో ఎంటర్ నొక్కినవాళ్ల పెట్టెలు పోతాయి.

ట్యాబ్‌ని లోపలే గుండ్రంగా తిప్పే పాత స్క్రిప్టును దీనికి తగిలించొద్దు. చివరి బటన్ దాటాక ఫోకస్ బ్రౌజర్ అడ్రస్ బార్‌కి వెళ్తే వెళ్లనివ్వండి, అది వాడేవాళ్ల హక్కు. వెనక పేజీలోకి మాత్రం పోకూడదు. షోమోడల్ ఆ పని తనే చూసుకుంటుంది.

మూసేటప్పుడు క్లోజ్ పిలిస్తే ఫోకస్ తెరిచిన బటన్ దగ్గరికే తిరిగొస్తుంది. సీఎస్ఎస్‌తో దాచేస్తే రాదు. క్లోజ్ పిలిచినా ఒకచోట దెబ్బ తగులుతుంది. కార్ట్‌లో ఒక వరుస తీసేశాక 'తీసేయి' బటన్ కూడా ఆ వరుసతో పాటే పోతుంది. తిరిగి వెళ్లడానికి చోటు లేక ఫోకస్ ఏ బటన్ మీదా కాకుండా పేజీ బాడీ (<body>) మీద పడుతుంది, స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు ఎక్కడున్నారో తెలియదు. వరుస తీసేశాక కింది వరుసలోని బటన్‌కి మీరే ఫోకస్ ఇవ్వండి. కార్ట్ ఖాళీ అయితే శీర్షిక కూడా ఫోకస్ తీసుకోగలిగేలా ట్యాబ్‌ఇండెక్స్ (tabindex) -1 పెట్టి దానికివ్వండి.

చివరగా ఫోన్ వెడల్పుకి కుదించి, ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎస్కేప్ మూడూ నొక్కి చూడండి. అడుగున అతుక్కుని ఉండే 'ఆర్డర్ చేయి' పట్టీ పిన్‌కోడ్ గడిని కప్పేస్తుంటే, పాపప్‌కి పట్టీ ఎత్తంత స్క్రోల్-ప్యాడింగ్-బాటమ్ (scroll-padding-bottom) సీఎస్ఎస్‌లో ఇవ్వండి.