ఐప్పసి (తమిళుల అక్టోబర్-నవంబర్ నెల) వానలు పడకముందే పాడి మేకల లెక్క సరిచూసుకోండి

మేక చూడి కాలం దాదాపు 150 రోజులు. జూన్ 20న చూలు కట్టిన మేక నవంబర్ 17కి అటూఇటూగా ఈనుతుంది, అంటే సరిగ్గా చెన్నై పక్కన మన రెడ్‌హిల్స్ వైపు కొట్టాల్లోకి నీళ్లొచ్చే రోజుల్లో. మొదటి ఏడాది నాకీ లెక్క తట్టలేదు. కరెంటు లేని ఓ రాత్రి మేక రెండు పిల్లల్ని వేసింది, ఒకటి తడి మూలన పడిపోయింది, నేను చూసేసరికి నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది. కంగారులో సీసాతో పాలు పట్టేశాను, అది మింగలేకపోయింది, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి తెల్లారేలోపు చచ్చిపోయింది. నోరు చల్లగా ఉంటే ముందు గోనెసంచితో బాగా రుద్ది, వేడినీళ్ల సీసా పక్కన పెట్టి వెచ్చబరచాలి, ముర్రుపాలు ఆ తర్వాతే. వెచ్చగా, చురుగ్గా ఉన్న పిల్లకి మాత్రం పుట్టిన గంటలోపే పట్టాలి.

అందుకే ఇప్పుడు ఆడి నెల (ఆగస్టు మధ్యలో ముగిసే తమిళ నెల) వెళ్లాకే పోతును వదులుతున్నా. ఆగస్టు 20న కలిస్తే జనవరి 17, సంక్రాంతి సందడి కూడా అయిపోతుంది. ఇంకో లాభం ఉంది: అగ్నినక్షత్రం (మే నెల) ఎండలు పోతు వీర్యాన్ని దెబ్బతీస్తాయి, కొత్త వీర్యం తయారవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది, కాబట్టి జూన్‌లో కలిపి చూలు నిలవలేదని మేకని తిట్టుకోవడం అన్యాయం. కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజూ 200 గ్రాముల దాణా అదనంగా ఇస్తే ఎద బాగా వస్తుంది, కవలలు పడే అవకాశమూ పెరుగుతుంది. పోతుని పాలిచ్చే మేకల మధ్య ఎప్పుడూ ఉంచకండి, ఆ కంపు పాలకి పడుతుంది. ఎద దాటిపోయినా టెన్షన్ పడొద్దు, 21 రోజులకి మళ్లీ వస్తుంది.

ఇప్పటికే చూడితో ఉన్నవాటికి ఈనే తేదీకి రెండు నెలల ముందు పాలు పిండడం ఆపేయండి. ఆపకుండా పిండితే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి, ఈ ఆశ నాకూ ఉండేది. చివరి నెలన్నర కడుపులో పిల్లలు పెరిగి మేత పట్టదు, అందుకే దాణా కొంచెం కొంచెంగా పెంచాలి, ఒక్కసారిగా కాదు. రెండు మూడు పిల్లలున్న మేక మేత మానేసి మూలకి నక్కితే డాక్టర్‌కి వెంటనే ఫోన్ చేయండి.

అసలు వాన తెచ్చే నష్టం నేల తడితో. మంచె వేయలేకపోతే కనీసం ఇటుకల మీద చెక్కలు పరవండి, తడి పేడలో పడుకున్న మేకకే పొదుగువాపు ఎక్కువ. పిండేముందు తొలి రెండు ధారలు నల్ల గిన్నెలోకి తీసి చూస్తే, వాపు మొదలైన పొదుగైతే పాలలో తరకలు కనిపిస్తాయి. పిండగానే మేత వేయండి, ఓ అరగంట నిలబడే ఉంటుంది, ఈలోగా చనుమొన రంధ్రం మూసుకుంటుంది.

కోసిన లేతగడ్డి ఒక పూట వాడనిచ్చి వేయండి, బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం ముట్టనివ్వకండి, అందులోని విషం పాలలోకీ వస్తుంది. కింది కనురెప్ప తిప్పి చూడండి: ఎర్రగా ఉంటే సరే, తెల్లబడితే కడుపులో రక్తం పీల్చే పురుగులున్నాయేమో అనుమానించాలి. మందు డాక్టర్‌ని అడిగే వాడాలి, ఎందుకంటే ఆల్బెండజోల్ చూలు కట్టిన తొలి నెలలో ఇస్తే పిండానికి ప్రమాదం. చిటుక రోగం (మేకని హఠాత్తుగా చంపే పేగు జబ్బు) టీకా వానలకి ముందే వేయించండి, పక్కింటి తమిళ అన్న లాగా మొదటి మేక పోయాక పరిగెత్తకండి.