తైవాన్ వస్తున్నారా? అద్దె కాగితంలోనే రాజకీయం మొదలవుతుంది

షిన్‌చూకో తైపీకో కొత్తగా వచ్చేవాళ్లు ముందు కందిపప్పు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. అది దొరుకుతుంది లెండి. ముందు అద్దె కాగితం చూసుకోండి. తేదీలో 114 అని ఉంటే కంగారుపడకండి, దానికి 1911 కలిపితే 2025. చైనాలో రిపబ్లిక్ వచ్చిన 1912 నుంచి లెక్కపెట్టే ఈ సంవత్సరాలను ఇక్కడికి తెచ్చింది కొమింటాంగ్ ప్రభుత్వం. జెండా మూలనున్న తెల్ల సూర్యుడు కూడా ఆ పార్టీ గుర్తే.

ఇక అడ్రస్. జోంగ్‌జెంగ్ రోడ్ అంటే కొమింటాంగ్ నాయకుడు చియాంగ్ కై-షేక్ పేరు మీద రోడ్డు. మనకు గాంధీ రోడ్డు ఉన్నట్టు ఊరూరా ఉంటుంది. న్యూ తైపీలోనే చాలా ఉన్నాయి కాబట్టి టాక్సీలో ఏ ప్రాంతమో కూడా చెప్పండి.

చైనాలో అంతర్యుద్ధం ఓడిన చియాంగ్ 1949లో ఇక్కడికి వచ్చాడు. ఆ ఏడాది పెట్టిన సైనిక చట్టం 1987 దాకా, అంటే 38 ఏళ్లు నడిచింది. అంతకుముందే, 1947 ఫిబ్రవరి 28న మొదలైన అల్లర్లను కొమింటాంగ్ ప్రభుత్వ సైన్యం అణిచేసినప్పుడు వేలమంది చనిపోయారు. ఆ రోజు ఇప్పుడు సెలవు. అలాగని ఆఫీసులో ఎవరికీ ‘హ్యాపీ హాలిడే’ చెప్పకండి.

మనవాళ్లకు వింతగా అనిపించేది ఆ తర్వాతి కథ. సైనిక చట్టం ఎత్తేసింది చియాంగ్ కొడుకే. అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకున్న తొలి ఎన్నికలో, 1996లో, గెలిచిందీ కొమింటాంగే. 2000లో పార్టీ చీలి, ఓట్లు పంచుకుని ఓడింది. 2008లో తిరిగొచ్చింది, 2016లో మళ్లీ దిగిపోయింది. 2024లో 113 సీట్ల పార్లమెంటులో 52 తెచ్చుకుంది, ప్రధాన ప్రత్యర్థి డీపీపీ (డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ) కంటే ఒక్కటి ఎక్కువ. అంత జరిగాక కూడా ఓట్లెలా పడతాయని అడిగేముందు మన సంగతి గుర్తుచేసుకోండి. ఎమర్జెన్సీ తర్వాత, 1977లో, ఉత్తరాదిన తుడిచిపెట్టుకుపోయిన కాంగ్రెస్‌కు ఆంధ్రప్రదేశ్ 42లో 41 సీట్లు ఇచ్చింది.

నీలం అంటే కొమింటాంగ్ వైపు, ఆకుపచ్చ అంటే డీపీపీ వైపు. ఇంటి ఓనరు ఏ రంగో వెంటనే తేల్చేయకండి. ఒకే ఇంట్లో తాతకు చియాంగ్ కాపాడినవాడు, మనవరాలికి నియంత కావచ్చు. భోజనాల దగ్గర వాళ్లు మొదలుపెడితే వినండి, తీర్పు చెప్పకండి.

తైపీలో చియాంగ్ స్మారక భవనం అందరూ చూస్తారు. అక్కడే ఆకుపచ్చ మెట్రో లైన్ ఎక్కి దాపింగ్‌లిన్‌లో దిగితే, రాజకీయ ఖైదీలను విచారించిన జింగ్‌మెయ్ సైనిక కోర్టు, జైలు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ఇప్పుడది మ్యూజియం. రెండూ ఒకే రోజు చూడండి.