తుఫాను నెలల ముందు మీ యాప్‌లో పాత స్క్రిప్టు మిగిలిందేమో చూసుకోండి

మన తీరంలో అక్టోబరు, నవంబరు అంటే అందరికీ టెన్షనే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజున ఊరివాళ్లు తెరిచే యాప్ మీరు చేసిందైతే, దాని వెబ్‌వ్యూని (యాప్ లోపల వెబ్ పేజీ చూపించే భాగం) సెప్టెంబరులోనే సరిచూసుకోండి.

మా యాప్‌లో పునరావాస కేంద్రాల జాబితా జేఎస్ (జావాస్క్రిప్ట్, పేజీని నడిపే స్క్రిప్టు) ఫైలులోనే ఉండేది. ఒక కేంద్రాన్ని వేరే స్కూలుకి మార్చారని తెలిసి సర్వర్‌లో ఫైలు మార్చాం. మా ఫోన్లలో కొత్త పేరు వచ్చింది, వజ్రపుకొత్తూరు వైపు ఫోన్లలో పాత స్కూలే కనిపించింది. ఆసారి వాయుగుండం బలహీనపడింది కాబట్టి సరిపోయింది. ఫైలుని ఎంతకాలం దాచుకోవచ్చో మా సర్వర్ చెప్పకపోవడమే దీనికి కారణం. చెప్పకపోతే బ్రౌజరే అంచనా వేసుకుంటుంది. ఫైలు మారి ఎన్నాళ్లయిందో చూసి, అందులో సుమారు 10 శాతం కాలం పాత కాపీనే వాడుతుంది. 100 రోజులుగా మారని ఫైలైతే దాదాపు 10 రోజులు!

ఇలా జరిగితే చాలామంది వెంటనే ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో 'లోడ్ నో క్యాష్' (ఫోన్‌లో దాచిన కాపీని, అంటే క్యాష్‌ని, వాడొద్దనే సెట్టింగు) పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పాత స్క్రిప్టు పోతుంది, నిజమే. కానీ తుఫాను రాత్రి సిగ్నల్ ఒక గీత మీద ఉన్నప్పుడు ప్రతిసారీ అన్ని ఫైళ్లూ కొత్తగా దిగాలి. పేజీ తెల్లగా ఉండిపోతుంది.

స్క్రిప్టు మారినప్పుడల్లా ఫైలు పేరు మారేలా చేయండి. బిల్డ్ టూల్సే (కోడ్‌ని సర్వర్‌కి సిద్ధం చేసే టూల్స్) పేరు చివర హ్యాష్ (ఫైలులో ఉన్నదాన్ని బట్టి మారే గుర్తు) కలుపుతాయి. అప్పుడు జేఎస్‌ని ఏడాది దాచుకున్నా బెంగ లేదు. హెచ్‌టీఎంఎల్ పేజీకి మాత్రం సర్వర్‌లో 'నో క్యాష్' హెడర్ (పేజీతో పాటు సర్వర్ పంపే సూచన) పెట్టండి. పేరు చూసి పొరబడతారు గానీ దాని అర్థం 'దాచకు' అని కాదు, 'వాడే ముందు నన్ను అడుగు' అని. మార్పు లేకపోతే సర్వర్ 304 ('మారలేదు') అని చిన్న జవాబిస్తుంది, అంతే. అసలు దాచొద్దనేది 'నో స్టోర్'. అది పెడితే నెట్ లేనప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. నెట్ పూర్తిగా పోతే వెబ్‌వ్యూని 'క్యాష్ ఎల్స్ నెట్‌వర్క్' (దాచిన కాపీ ఉంటే అదే, లేకపోతేనే నెట్) మోడ్‌లోకి మార్చి పాత పేజీనే చూపించండి, పైన అది ఏ తేదీ, ఏ గంట సమాచారమో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

రోజూ మారే జాబితాని స్క్రిప్టులోంచి తీసేసి విడిగా జేసన్ ఫైలులో (కోడ్ లేకుండా సమాచారం మాత్రమే ఉండే ఫైలు) పెట్టండి. మేం ముందే చేయాల్సిన పని ఇది.

సర్వీస్ వర్కర్ (నెట్ లేకపోయినా పేజీ చూపించేలా వెనకాల పనిచేసే స్క్రిప్టు) వాడుతుంటే ఇంకో జాగ్రత్త ఉంది. దాని నిల్వ వేరు, 'క్లియర్ క్యాష్' పిలిచినా అది పోదు. పాత నిల్వని మీ కోడే తుడవాలి. ఐఫోన్‌లో రిక్వెస్టుకి పెట్టే క్యాష్ పాలసీ మొదటి పేజీకే పనిచేస్తుంది, అది పిలిచే స్క్రిప్టులకు కాదు. అక్కడా పేరు మార్చడమే దిక్కు. సర్వర్‌లోని పాత జేఎస్ ఫైళ్లని వెంటనే తీసేయకండి, పాత పేజీ పట్టుకున్న ఫోన్లు ఇంకా వాటినే అడుగుతాయి.

పరీక్ష కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఫోన్‌లో వద్దు. నెల రోజులుగా యాప్ వాడుతున్న మామూలు ఫోన్ అడిగి తీసుకోండి. డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లో డెవలపర్లు పరీక్షించుకునే కిటికీ) 'డిసేబుల్ క్యాష్' టిక్కు తీసేసి చూడండి, అది ఉంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కళింగపట్నం రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశాక మాత్రం కోడ్‌లో ఏదీ మార్చకండి, జేసన్ జాబితా తప్ప.