పాత బండి, కొత్త చప్పుడు – 3వ పాఠం: హెడ్ దగ్గర టిక్ టిక్

పోయిన పాఠంలో పొడుగు స్క్రూడ్రైవర్ పిడి చెవి వెనక ఎముకకి ఆనించి, రెండో కొస ఇంజన్ మీద అక్కడా ఇక్కడా పెట్టి వినమన్నాను కదా, చేసారా? చేసినవాళ్ళకి ఈపాటికి ఒక భయం పట్టుకునుంటది, ఎక్కడ పెట్టినా ఏదో ఒక చప్పుడు వస్తూనే ఉందేటి అని. కంగారు పడకండి. ఇంజన్ అంటే ఇనుము ఇనుముకి కొట్టుకునే యంత్రం, లోపల నిశ్శబ్దంగా ఏమీ ఉండదు. మనకి కావాల్సింది నిన్న లేనిది ఇవాళ ఏం వచ్చిందన్నది ఒక్కటే.

ఇవాళ ఇంజన్ పై భాగం, అంటే హెడ్ దగ్గర చప్పుడు చూద్దాం. పాత బండి ఉన్నవాళ్ళలో ఎక్కువమంది మొదట కంప్లైంట్ చేసేది దీని గురించే, ఎక్కువగా తప్పు వైద్యం జరిగేది కూడా దీనికే. నేను చెప్పేదంతా నాన్న వాడిన పాత స్ప్లెండర్ మీద నేర్చుకున్నది, 97.2 సీసీ ఇంజన్, సిలిండర్ దాదాపు పడుకున్నట్టు ముందుకి ఉంటది, అందుకని హెడ్ ముందు కొసన ఉంటది. మీ దగ్గర ఆర్ఎక్స్ 100 ఉంటే ఈ పాఠంలో సగం వదిలేయండి, అది టూ స్ట్రోక్, హెడ్‌లో వాల్వులే లేవు, ఇంక ట్యాపెట్ (వాల్వుని నొక్కే మీట కొసన సందు సరిచేసే స్క్రూ) చప్పుడు ఎక్కడ్నుంచి వస్తది. అయినా ఆర్ఎక్స్‌కి కూడా "ట్యాపెట్ సెట్ చేస్తాను" అన్న మహానుభావుణ్ణి ఒకసారి చూసాను, ఆ కథ ఇంకోసారి.

ముందు నా బుద్ధి గడ్డి తిన్న సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే పాఠం అర్థం కాదు. కొన్నేళ్ళ కిందట మా బండి హెడ్ దగ్గర టిక్ టిక్ మొదలైంది. మేం వైజాగ్ పెదవాల్తేరులో ఉంటాం, సముద్రం పక్కనే, ఉప్పుగాలి, గేటుకి వేసిన రంగు కూడా రెండేళ్ళు ఆగదు. బండి తీసుకెళ్తే మెకానిక్ స్టాండు కూడా వెయ్యకుండా "ఏటి తమ్ముడూ, ఇది ట్యాపెట్టే, చెవిటోడికైనా తెలస్తాది" అని అక్కడికక్కడే వేడి ఇంజన్ మీద మూతలు విప్పి స్క్రూలు బిగించేసాడు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) లేదు ఏం లేదు, వేలితో చూసి సరిపోయిందన్నాడు. చప్పుడు కొంచెం తగ్గింది, నేను కూడా సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేసాను. రెండు నెలలయ్యాక ఒకరోజు పొద్దున్నే కిక్ కొడితే కాలు ఊరికే కిందకి జారిపోతోంది, బరువే లేదు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే బిగువు, పోయింది. హెడ్ దింపి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒక పక్క కాలి కొరుక్కుపోయి ఉంది. బిగుతుగా ఉన్న ట్యాపెట్ వల్ల వాల్వ్ పూర్తిగా మూసుకోలేదు, మూసుకోకపోతే దాని వేడి అది ఆనుకుని కూర్చునే సీటులోకి దిగదు, ఆ సందులోంచి మంట పోతూ పోతూ అంచు తినేసింది. కొత్త వాల్వ్, సీటు గ్రైండింగ్, గ్యాస్కెట్లు, నాలుగు రోజులు సిటీ బస్సు. నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

అసలు నవ్వొచ్చేదేంటంటే మొదటి టిక్ టిక్ ట్యాపెట్ది కానే కాదు. హెడ్ మళ్ళీ ఎక్కించేటప్పుడు సైలెన్సర్ జాయింట్‌లో కొత్త గ్యాస్కెట్ వేసారు, అంతే, ఆ చప్పుడు మాయమైపోయింది. ఉప్పుగాలికి ఆ జాయింట్‌ని పట్టి ఉంచే ఫ్లాంజ్ నట్లు తుప్పుపట్టి, ఒకటి వదులై, ఆ సందులోంచి ఎగ్జాస్ట్ గాలి కొట్టేది, చెవికి అచ్చం ట్యాపెట్‌లాగే.

అందుకే నేను ఎవరైనా "చప్పుడు ఎలా ఉంది" అని మొదలుపెడితే ఆపేస్తాను. మా బామ్మర్ది ఒకడు ఫోన్‌లో రికార్డు చేసి పంపిస్తాడు, విని చెప్పు బావా అని, ఫోన్ మైకులో పడ్డాక ప్రతి చప్పుడూ డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టే ఉంటది, నేనేం చెప్పను. ఎలా ఉందో కాదు, ఎప్పుడు వస్తోందో చెప్పు అంటాను. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? రేజ్ చేస్తే పెరుగుతోందా, వదిలేస్తే వస్తోందా? ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతోందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు కాగితం మీద రాసుకుంటే సగం ఇంజన్ విప్పకుండానే విప్పినట్టు.

ఇప్పుడు పని మొదలెడదాం. బండి రాత్రంతా ఆగి ఉండాలి, పొద్దున్నే ఇంజన్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. మొదటి పాఠంలో చెప్పినట్టు ఆయిల్ లెవెల్ చూడకుండా ఏదీ మొదలెట్టొద్దు, ఆయిల్ తక్కువైన ఇంజన్ అన్ని చప్పుళ్ళూ కలిపి చేస్తది. స్టార్ట్ చేసి వెంటనే, మొదటి నిమిషంలోనే, సైలెన్సర్ హెడ్‌కి కలిసే చోటుకి అరచెయ్యి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టండి. ముట్టుకోవద్దు, ఆ గొట్టం వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. లీకుంటే అరచేతికి ఫుఫ్ ఫుఫ్ అని గాలి తగులుతుంది, చిన్నపిల్లాడు ఊదినట్టు. ఇంకా అనుమానంగా ఉంటే సబ్బునీళ్ళు బ్రష్‌తో ఆ జాయింట్ చుట్టూ రాసి, ఇంకొకర్ని సైలెన్సర్ చివర తడిగుడ్డతో ఒక్క క్షణం సగం మూయమనండి, బుడగలొస్తే దొరికినట్టే. జాయింట్ చుట్టూ నల్లగా మసి చారలుంటే ఇదంతా కూడా అక్కర్లేదు. లీకు చప్పుడుకి ఇంకో లక్షణం ఉంది, ఇంజన్ వేడెక్కి లోహం సాగాక చాలాసార్లు తగ్గిపోతుంది, యాక్సిలరేటర్ గట్టిగా ఇస్తే మాత్రం మళ్ళీ పెరుగుతుంది. తుప్పుపట్టిన నట్టుని బలవంతంగా తిప్పితే నట్ ఎక్కే స్టడ్ (బోల్టు కడ్డీ) విరిగి హెడ్‌లో ఉండిపోద్ది, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. బీచ్ దగ్గర ఉండేవాళ్ళకి ఇది మరీ మరీ చెప్తున్నా.

లీకు లేదని తేలాకే ట్యాపెట్ జోలికి రండి.

ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) 2 చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) 1 చుట్టు తిరుగుతుంది, అందుకని ట్యాపెట్ చప్పుడు ఇంజన్ వేగంలో సగం వేగంతో వస్తది. స్లోలో ఇంజన్ నిమిషానికి 1400 చుట్లు తిరుగుతుంటే ఒక ట్యాపెట్ సెకనుకి 12 సార్ల లోపే కొడుతుంది. లెక్కపెట్టలేం అనుకోండి, కానీ చెవికి తేడా తెలుస్తుంది, టైలర్ షాపులో కుట్టుమిషన్ నెమ్మదిగా తొక్కినట్టు సన్నగా, తేలిగ్గా ఉంటది. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఉంటది, ఎత్తు ఎక్కినా పెద్దగా పెరగదు, రేజ్ చేస్తే వేగం పెరుగుతుంది అంతే. స్క్రూడ్రైవర్ ట్యాపెట్ మూత మీద పెడితే చెవిలో సుత్తితో కొట్టినట్టు వినిపిస్తది, వెనక్కి సిలిండర్ మీదకి జరిపితే తగ్గిపోతుంది. ఇవన్నీ కలిస్తేనే ట్యాపెట్.

సెట్ చేసేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, నా బండికి జరిగింది గుర్తుందిగా. ప్లగ్ తీసేయండి, తిప్పడం తేలికవుతుంది. ఎడమ పక్క మాగ్నెట్ కవర్ మీదున్న మూతలు తీసి, లోపలి నట్‌ని సాకెట్‌తో గడియారానికి ఎదురుదిశలో తిప్పుతూ లోపలి చక్రం మీదున్న ఇంగ్లీషు T గుర్తుని కవర్ మీది గీతకి కలపండి. హెడ్ మీద ట్యాపెట్ మూతలు రెండు, పైది ఇన్‌లెట్, కిందది ఎగ్జాస్ట్. కింద మూత విప్పగానే ఆయిల్ బొటబొటా కారుతుంది, పేపరు పరుచుకోండి, నేను మొదటిసారి పరచలేదు, మా ఆవిడ ముగ్గు మీద పడింది. ఇప్పుడు రెండు రాకర్లనీ (వాల్వుల్ని నొక్కే మీటలు) వేళ్ళతో కదపండి. రెండూ కొంచెం కదిలితే సరైన చోటే ఉన్నారు. ఒకటి బిగుసుకుని ఉంటే పిస్టన్ పైకొచ్చింది గానీ అది రెండు వాల్వులూ మూసుకునుండే కంప్రెషన్ చుట్టు కాదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

సందు ఎంత ఉండాలన్నది మీ మోడల్ హ్యాండ్‌బుక్‌లో ఉన్నదే వేదం. మా బండికి చెప్పింది తలవెంట్రుక మందం ఉంటదేమో, అంతే. ఆ మందం ఫీలర్ రేకు రాకర్‌కీ వాల్వ్ కాడకీ మధ్య దూర్చి లాగితే, కొత్త నోట్ల కట్టలోంచి ఒక్క నోటు లాగినట్టు మెత్తగా పట్టి పట్టి రావాలి. ఊరికే జారిపోతే లూజు, రేకు వంగిపోతే టైటు. చిన్న నట్ వదులు చేసి, నలుచదరం తల ఉన్న స్క్రూని దాని టూల్‌తో తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకునే నట్ బిగించాలి. బిగించాక మళ్ళీ రేకు పెట్టి చూడండి, ఎందుకంటే నట్ బిగించేటప్పుడే స్క్రూ తెలీకుండా కాస్త తిరిగి సందు మారిపోతుంది, అందరూ తప్పు చేసేది ఇక్కడే. నాకు మూడుసార్లు పట్టింది, నాలుగోసారి కూడా పట్టొచ్చు, సిగ్గేం లేదు. కాస్త చప్పుడు మిగిలితే మిగలనివ్వండి, చప్పుడు చేసే ట్యాపెట్ నన్నెప్పుడూ బస్సెక్కించలేదు.

పాత ఇనప ఇంజన్ బుల్లెట్ ఉన్నవాళ్ళకి రేకుతో పనిలేదు, చల్లటి ఇంజన్‌లో పుష్‌రాడ్ (కింద క్యామ్ నుంచి పైన రాకర్‌ని తోసే కడ్డీ) వేళ్ళతో తిప్పితే గిర్రున తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఊగకూడదు, అదే కొలత.

ట్యాపెట్లు సరిగ్గా పెట్టినా చప్పుడు ఉందంటే టైమింగ్ చైన్, అంటే క్రాంక్ నుంచి క్యామ్‌ని తిప్పే చైన్, వైపు చూడండి. స్ప్లెండర్‌లో అది ఎడమ పక్క ఉంటుంది. రేజ్ చేసి ఒక్కసారిగా వదిలినప్పుడు, ఇంజన్ వేగం దిగుతున్న ఆ సెకనులో గలగలమని వస్తే చైన్ సాగింది లేదా దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పని చెయ్యట్లేదు. దీన్ని వాయిదా వెయ్యొద్దు, చైన్ పళ్ళు దాటితే వాల్వుల టైమింగ్ మొత్తం తారుమారు. పొద్దున్నే సిలిండర్ దగ్గర మొద్దుగా కొట్టుకుని వేడెక్కాక తగ్గిపోయేది పిస్టన్ స్లాప్, అల్యూమినియం పిస్టన్ వేడికి సాగి బోరులో సరిపోయేసరికి చప్పుడు ఆగుతుంది, పొగ రాకపోతే, ఆయిల్ తగ్గకపోతే అలాగే నడుపుకోవచ్చు, నేను మూడేళ్ళు నడిపాను.

ఎత్తు ఎక్కేటప్పుడే వచ్చే చప్పుడు వేరే జాతి. సింహాచలం ఘాట్‌లో వెనక మనిషిని ఎక్కించుకుని టాప్ గేరులో ఈడ్చుకెళ్తుంటే హెడ్‌లో చిల్లర గలగలలాడినట్టు వస్తుంది చూడండి, అది ఏ పార్టూ అరిగి కాదు, పెట్రోలు మిశ్రమం వేళ తప్పి పేలడం. ముందు గేరు దించండి. అయినా వస్తుంటే లోపల పేరుకున్న కార్బన్ మసి, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పు పడే వేళ), మిక్చర్ (పెట్రోలు, గాలి పాళ్ళు) చూడాలి. వినడానికి బీచ్ రోడ్డుకి మాత్రం వెళ్ళొద్దు, గాలి హోరుకి మన హారనే మనకి వినపడదు. ఇరుకు సందులో కాంపౌండ్ గోడ పక్కన నెమ్మదిగా నడపండి, గోడకి కొట్టి చప్పుడు తిన్నగా చెవికొస్తుంది.

వచ్చే పాఠం క్లచ్ సైడ్. దానికి హోమ్‌వర్క్: బండి బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో స్లోలో ఉంచి, క్లచ్ లివర్ పది సెకన్లు పట్టుకోండి, పది సెకన్లు వదలండి, ఇలా ఐదుసార్లు. పట్టుకుంటే చప్పుడు ఆగుతోందా, పట్టుకుంటేనే మొదలవుతోందా, ఏ తేడా లేదా, మూడింట్లో ఏదో ఆ కాగితం మీదే కింద రాసి ఉంచండి. చీరకొంగు, చున్నీ, లుంగీ చైన్‌కి దూరంగా, బండి ఆరుబయట.